దస్త్రమే సాక్ష్యం: సమాచార కమిషనర్‌గా ఎలిజబెత్ డెన్హామ్ ప్రస్థానం (2003-2021)

వ్యాససంగ్రహం

ప్రభుత్వం దగ్గరున్న సమాచారం పౌరులకు అందేలా చూడడం ఒక బాధ్యత. పౌరుల వ్యక్తిగత సమాచారం ఇతరుల పాలు కాకుండా కాపాడడం మరొక బాధ్యత. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండింటినీ ఒకే అధికారికి అప్పగించే సంప్రదాయం కెనడాలోని పలు రాష్ట్రాల్లోనూ, బ్రిటన్‌లోనూ ఉంది. ఆ రెండు చోట్లా ఈ పదవిని నిర్వహించిన ఎలిజబెత్ డెన్హామ్ ఉద్యోగ జీవితాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆమె పేరు చెప్పగానే ఫేస్‌బుక్ మీద విధించిన జరిమానా గుర్తుకు వస్తుంది. అయితే ఆమె కృషిలోని అంతస్సూత్రం దస్త్రాల నిర్వహణలో ఉందని, ఆర్కైవ్స్ శాస్త్రంలో ఆమె పొందిన శిక్షణే రెండు బాధ్యతలనూ కలిపిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ దృష్టికి చట్టం ఎంతవరకు తోడ్పడిందో, ఎక్కడ చేయి ఇవ్వలేదో కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: సమాచార హక్కు, వ్యక్తిగత గోప్యత, దస్త్రాల నిర్వహణ, ఆర్కైవ్స్, సమాచార కమిషనర్, బ్రిటిష్ కొలంబియా, బ్రిటన్.

1. ఉపోద్ఘాతం

చరిత్ర రచనకు దస్త్రమే ఆధారం. శాసనమైనా, కైఫీయతు అయినా, కలెక్టరు కార్యాలయపు ఉత్తర్వు అయినా, ఎవరో ఒకరు రాసి, మరొకరు భద్రపరిచి, ఇంకొకరు చూడనిచ్చినప్పుడే అది చరిత్రకారుని చేతికి వస్తుంది. ఈ మూడు దశల్లో ఏ ఒక్కటి తప్పినా గతం మూగబోతుంది. సమాచార హక్కు గురించిన చర్చ ఎక్కువగా మూడవ దశ చుట్టూనే సాగుతుంది. దస్త్రాన్ని చూడనిస్తారా, నిరాకరిస్తారా అన్నదే అక్కడ వివాదం. మొదటి రెండు దశలూ సక్రమంగా జరిగాయన్న నమ్మకం మీద ఆ వివాదమంతా నిలబడి ఉంటుంది.

ఆ నమ్మకాన్ని ప్రశ్నించిన అధికారులలో ఎలిజబెత్ డెన్హామ్ ముఖ్యులు. 2010 నుంచి 2016 వరకు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రానికి సమాచార, గోప్యతా కమిషనర్‌గానూ, 2016 జూలై నుంచి 2021 నవంబరు వరకు బ్రిటన్ సమాచార కమిషనర్‌గానూ ఆమె పనిచేశారు. ఈ కాలంలో ఆమె చేపట్టిన విచారణలను విడివిడిగా చూస్తే కొన్ని గోప్యతకు, కొన్ని సమాచార ప్రాప్తికి సంబంధించినవిగా కనిపిస్తాయి. వరుసలో పెట్టి చూస్తే అన్నిటి వెనుకా ఒకే ప్రశ్న ఉంది: ఏది భద్రపరచాలి? ఏది చెరిపివేయాలి? ఆ నిర్ణయం ఎవరిది?

2. ఒకే పదవి, రెండు బాధ్యతలు

సమాచార ప్రాప్తి, గోప్యత అనే భావనలు చట్టరూపం దాల్చిన క్రమం వేరువేరు. అధికారిక పత్రాలను చూసే హక్కును గుర్తించిన తొలి చట్టం 1766లో స్వీడన్‌లో పత్రికా స్వేచ్ఛలో భాగంగా వచ్చింది. వ్యక్తిగత సమాచార రక్షణకు తొలి చట్టం 1970లో జర్మనీలోని హెస్సే రాష్ట్రంలో వచ్చింది. ప్రభుత్వ కార్యాలయాల్లో కంప్యూటర్లు ప్రవేశించిన కాలమది. అంటే ఒకటి అచ్చుయంత్రానికి, రెండవది కంప్యూటరుకు సమకాలికమైన హక్కులు.

ఈ రెండూ కెనడాలో ఒకే కాలంలో కలిశాయి. 1982లో క్విబెక్ రాష్ట్రం రెండు అంశాలనూ ఒకే చట్టంలో చేర్చింది. కెనడా కేంద్ర ప్రభుత్వం రెండు వేరువేరు చట్టాలు చేసి, రెండింటినీ 1983 జూలై 1న అమలులోకి తెచ్చి, ఇద్దరు వేరువేరు కమిషనర్లను నియమించింది. బ్రిటిష్ కొలంబియా మాత్రం 1990ల తొలినాళ్లలో ఒకే చట్టాన్ని, ఒకే కమిషనర్‌ను ఎంచుకుంది. బ్రిటన్‌లో 1984 చట్టం కింద ఏర్పడిన సమాచార రక్షణ రిజిస్ట్రార్ పదవి, 2000లో సమాచార స్వేచ్ఛ చట్టం వచ్చిన తరువాత, 2001లో 'సమాచార కమిషనర్' పదవిగా మారింది. పౌరులు ఆ చట్టం కింద దరఖాస్తు చేసుకునే హక్కు మాత్రం 2005 జనవరి 1 నుంచే అమలయింది.

ఒకే వ్యక్తి ఒక చేత్తో తలుపు తెరుస్తూ, మరొక చేత్తో మూయవలసిన పదవి ఇది. రెండు హక్కులూ ఎదురుపడిన ప్రతిసారీ కమిషనర్ తనతో తానే వాదించుకోవలసి ఉంటుంది. ఈ సంఘర్షణకు డెన్హామ్ కనుగొన్న సమాధానానికి మూలం ఆమె చదువులో ఉంది.

3. ఆర్కైవ్స్ నుంచి కమిషన్‌కు

డెన్హామ్ న్యాయశాస్త్ర పట్టభద్రురాలు కారు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివి, అక్కడే ఆర్కైవ్స్ శాస్త్రంలో స్నాతకోత్తర పట్టా పొందారు. ఉత్తర అమెరికాలో ఆర్కైవ్స్ అధ్యయనానికి ప్రత్యేక స్నాతకోత్తర కోర్సును 1981లో తొలిసారి ప్రారంభించినది ఆ విశ్వవిద్యాలయమే. తరువాత ఆమె కాల్గరీ నగర ఆర్కైవ్స్‌లో పనిచేశారు. 2003 నుంచి 2007 వరకు ఆల్బర్టా రాష్ట్ర కమిషనర్ కార్యాలయంలో ప్రైవేటు రంగ విభాగానికి డైరెక్టరుగా ఉన్నారు. ఆ రాష్ట్రంలో ప్రైవేటు సంస్థలకు వర్తించే వ్యక్తిగత సమాచార చట్టం 2004లో అమలులోకి రావడంతో, కొత్త చట్టాన్ని ఆచరణలో పెట్టే అనుభవం ఆమెకు అక్కడ లభించింది.

ఆర్కైవ్స్ వృత్తి గురించి ఒక అపోహ ఉంది. అన్నిటినీ దాచడమే ఆ పని అని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో కీలకమైనది విలువ నిర్ణయం. కార్యాలయాల్లో పుట్టే కాగితాల్లో అధిక భాగాన్ని నిర్ణీత గడువు తరువాత నాశనం చేయవలసిందే. శాశ్వతంగా నిలపవలసినది కొంత మాత్రమే. ఏ దస్త్రాన్ని ఎంతకాలం ఉంచాలి, ఎవరి అనుమతితో తొలగించాలి, తొలగించినట్లు ఎక్కడ నమోదు చేయాలి అన్నవి ఆ వృత్తికి నిత్య ప్రశ్నలు. గోప్యతా చట్టం కోరేది కూడా ఇదే: అవసరమైనంత మేరకే సేకరించు, అవసరం తీరాక తొలగించు. సమాచార హక్కు చట్టం కోరేదీ ఇదే: నిర్ణయానికి ఆధారమైన కాగితాన్ని నిలుపు, నియమం లేకుండా తొలగించకు. న్యాయవాదికి రెండు హక్కుల మధ్య తూకంగా కనిపించే విషయం ఆర్కైవిస్టుకు ఒకే క్రమశిక్షణలోని రెండు నియమాలుగా కనిపిస్తుంది.

4. చెరపని ఖాతాలు: ఫేస్‌బుక్ విచారణ (2008-2009)

2007లో డెన్హామ్ కెనడా కేంద్ర గోప్యతా కమిషనర్ జెన్నిఫర్ స్టాడర్ట్‌కు సహాయ కమిషనర్‌గా చేరారు. మరుసటి సంవత్సరం మే నెలలో, ఒట్టావా విశ్వవిద్యాలయంలోని ఒక న్యాయ సహాయ కేంద్రానికి చెందిన విద్యార్థులు ఫేస్‌బుక్ మీద 24 ఆరోపణలతో ఫిర్యాదు చేశారు. ఆ విచారణకు డెన్హామ్ నాయకత్వం వహించారు. 2009 జూలై 16న నివేదిక వెలువడింది. అప్పటికి కెనడాలో ఆ వేదికను దాదాపు 1 కోటీ 20 లక్షల మంది ఉపయోగిస్తున్నారు.

నివేదికలోని రెండు నిర్ణయాలు ప్రత్యేకంగా గమనింపదగినవి. మొదటిది, వాడకం ఆపేసిన ఖాతాల్లోని సమాచారాన్ని ఫేస్‌బుక్ గడువంటూ లేకుండా నిల్వ చేస్తోంది. ఖాతాను తాత్కాలికంగా ఆపడానికీ, శాశ్వతంగా తొలగించడానికీ మధ్య తేడాను వినియోగదారులకు స్పష్టంగా చెప్పడం లేదు. రెండవది, ఆ వేదిక మీద ఆటలు, ప్రశ్నావళులు తయారుచేసే బయటి సంస్థలకు వినియోగదారుల సమాచారమే కాక, వారి స్నేహితుల సమాచారం కూడా చేరుతోంది. అప్పటికి 180 దేశాల్లో సుమారు 9 లక్షల 50 వేల మంది ఇటువంటి తయారీదారులున్నారు. వారు ఎంత సమాచారం తీసుకోవాలో అదుపు చేసే ఏర్పాటు తగినంతగా లేదని నివేదిక తేల్చింది.

కెనడా కేంద్ర చట్టం ప్రకారం గోప్యతా కమిషనర్‌కు ఆదేశాలు జారీ చేసే అధికారం లేదు. సిఫారసు చేయవచ్చు, పాటించకపోతే ఫెడరల్ కోర్టుకు వెళ్లవచ్చు. 2009 ఆగస్టులో ఫేస్‌బుక్ మార్పులకు అంగీకరించడంతో వ్యవహారం కోర్టు దాకా వెళ్లలేదు. ఒక దేశపు చిన్న కార్యాలయం ప్రపంచవ్యాప్త సంస్థను ఒప్పించడం ఆనాడు విజయంగానే కనిపించింది. స్నేహితుల సమాచారం బయటి సంస్థలకు చేరే దారి మాత్రం పూర్తిగా మూసుకోలేదు. తొమ్మిదేళ్ల తరువాత అదే దారి డెన్హామ్‌కు లండన్‌లో మళ్లీ ఎదురయింది.

5. బ్రిటిష్ కొలంబియా: లేని దస్త్రాల సమస్య

5.1 ఫోటోల నిల్వకు హద్దు

2010లో డెన్హామ్ బ్రిటిష్ కొలంబియా కమిషనర్ అయ్యారు. మరుసటి సంవత్సరం జూన్ 15న వాంకూవర్‌లో హాకీ ఫైనల్ ముగిసిన తరువాత అల్లర్లు చెలరేగాయి. ఆ రాష్ట్రంలో డ్రైవింగు లైసెన్సులు ఇచ్చే ప్రభుత్వ బీమా సంస్థ దగ్గర లైసెన్సుదారుల ఫోటోలున్నాయి. దొంగ లైసెన్సులను పట్టుకోవడానికి ఉపయోగించే ముఖ గుర్తింపు సాంకేతికతతో అల్లరిమూకను గుర్తించడానికి తోడ్పడతామని ఆ సంస్థ పోలీసులకు ముందుకు వచ్చి చెప్పింది. కోర్టు అనుమతి లేకుండా అలా చేయడానికి చట్టం ఒప్పుకోదని 2012 ఫిబ్రవరిలో డెన్హామ్ తేల్చారు. ఒక ప్రయోజనం కోసం సేకరించిన సమాచారాన్ని మరొక ప్రయోజనానికి తిప్పకూడదన్నది ఇక్కడి సూత్రం. నేరస్థులను పట్టుకోవాలని ప్రజలు గట్టిగా కోరుతున్న సమయంలో ఈ నిర్ణయం వెలువడింది.

5.2 గోదాముల్లో 33,000 పెట్టెలు

2013 మార్చిలో వెలువడిన నివేదికలో డెన్హామ్ మరొక దిశగా దృష్టి సారించారు. సమాచారం కోసం వచ్చిన దరఖాస్తులకు 'సంబంధిత దస్త్రాలు లేవు' అన్న జవాబు 2008-09లో 13 శాతం ఉండగా, 2011-12 నాటికి అది 25 శాతానికి చేరింది. దస్త్రాన్ని నిరాకరిస్తే దానిపై అప్పీలు చేయవచ్చు. అసలు దస్త్రమే లేదంటే అప్పీలుకు ఆధారం ఏముంటుంది? నోటిమాటతో పాలన సాగితే చట్టం ఉన్నా ఫలితం శూన్యం. ముఖ్యమైన నిర్ణయాలను రాతలో నమోదు చేయడాన్ని చట్టబద్ధమైన విధిగా చేయాలని ఆమె సిఫారసు చేశారు.

2014 జూలైలో వచ్చిన మరొక నివేదిక ఆర్కైవిస్టుగా ఆమె అనుభవానికి నేరుగా సంబంధించినది. రాష్ట్ర ఆర్కైవ్స్‌ను 2003లో మ్యూజియం సంస్థలో విలీనం చేశారు. ప్రభుత్వ శాఖలు దస్త్రాలను అప్పగించాలంటే పెట్టెకు 454 డాలర్ల రుసుము చెల్లించవలసి వచ్చేది. శాఖలు ఆ ఖర్చుకు వెనుకాడాయి. ఫలితంగా శాశ్వతంగా నిలపదగిన దస్త్రాలున్న 33,000 పెట్టెలు ఆర్కైవ్స్‌కు చేరకుండా సుమారు పదేళ్లపాటు గోదాముల్లో ఉండిపోయాయి. ఎవరూ దుర్బుద్ధితో చేసిన పని కాదు ఇది. ఒక రుసుము నిబంధన ఒక దశాబ్దపు ప్రభుత్వ స్మృతిని పరిశోధకులకు దూరం చేసింది. దస్త్రాల తొలగింపును నియంత్రిస్తూ వచ్చిన 1936 నాటి పాత చట్టం స్థానంలో రాష్ట్రం 2015లో కొత్త సమాచార నిర్వహణ చట్టాన్ని తెచ్చింది.

5.3 కన్నీటి రహదారి

ప్రిన్స్ జార్జ్ పట్టణం నుంచి పసిఫిక్ తీరంలోని ప్రిన్స్ రూపర్ట్ వరకు సుమారు 720 కిలోమీటర్ల 16వ నంబరు రహదారి ఉంది. దశాబ్దాలుగా ఆ దారిలో ఎందరో స్త్రీలు అదృశ్యమయ్యారు, హత్యకు గురయ్యారు. వారిలో అధికులు ఆదివాసీ స్త్రీలు. దానికి 'కన్నీటి రహదారి' అన్న పేరు స్థిరపడింది. బస్సులు లేక దారినపోయే వాహనాలను ఆపి ఎక్కడం ఈ ప్రమాదానికి ఒక కారణమని, బస్సు సౌకర్యం కల్పించాలని 2006లో జరిగిన సదస్సు సిఫారసు చేసింది. ఆ విషయమై రవాణా శాఖ జరిపిన సమావేశాల దస్త్రాలను కోరుతూ 2014 నవంబరులో ఒక దరఖాస్తు వచ్చింది. దస్త్రాలు లేవని శాఖ జవాబిచ్చింది.

2015లో ఆ శాఖా మంత్రి కార్యాలయపు మాజీ ఉద్యోగి ఒకరు కమిషనర్‌కు లేఖ రాశారు. ఆ దరఖాస్తుకు సంబంధించిన ఈమెయిళ్లను చెరిపివేయమని తనకు చెప్పారని, తాను తటపటాయిస్తే సహోద్యోగి కీబోర్డు లాక్కుని తానే చెరిపివేశారని అందులో ఉంది. ఆ సంవత్సరం అక్టోబరు 22న వెలువడిన నివేదికలో డెన్హామ్ ఈ ఆరోపణ నిజమని తేల్చారు. మంత్రుల కార్యాలయాల్లో 'మూడుసార్లు చెరపడం' అన్న పద్ధతి ఉన్నట్లు కూడా బయటపడింది. ఈమెయిలును తొలగించిన వాటి పెట్టెలోకి పంపడం, అక్కడి నుంచి తీసివేయడం, చివరకు తిరిగి తెచ్చుకునే వీలున్న చోటు నుంచి కూడా పోగొట్టడం అందులోని మూడు అంచెలు.

ఈ ఉదంతంలో చట్టపరమైన ఫలితం ఆలోచింపజేస్తుంది. ఈమెయిళ్లు చెరిపిన ఉద్యోగికి 2016 జూలైలో 2,500 డాలర్ల జరిమానా పడింది. విచారణలో ప్రమాణం చేసి అబద్ధం చెప్పినందుకు పడిన జరిమానా అది. చెరిపినందుకు పడిన శిక్ష కాదు. సమాచారం అందకుండా చేయడానికి దస్త్రాన్ని నాశనం చేయడం ఆనాటి రాష్ట్ర చట్టంలో నేరంగా లేదు. ఆ లోపాన్ని సరిదిద్దే నిబంధన 2021లో గాని రాలేదు. రహదారి మీద ప్రభుత్వ బస్సులు 2017లో నడవడం మొదలుపెట్టాయి. చెరిగిపోయినవి కొన్ని ఈమెయిళ్లే కావచ్చు. తమ బిడ్డలు కనిపించకుండా పోయిన కుటుంబాలకు, ప్రభుత్వం తమ గోడు విన్నదా లేదా అని తెలుసుకునే ఆధారం అవే.

ఫేస్‌బుక్ నివేదికను, ఈ నివేదికను పక్కపక్కన పెడితే డెన్హామ్ దృష్టిలోని ఏకత్వం తెలుస్తుంది. అక్కడ చెరపవలసినదాన్ని చెరపలేదు. ఇక్కడ చెరపకూడనిదాన్ని చెరిపారు. రెండు చోట్లా నిర్ణయం బలవంతుని చేతిలోనే ఉంది, నష్టం బలహీనునికే జరిగింది.

6. బ్రిటన్: పెద్ద వేదిక, పాత ప్రశ్న

6.1 కేంబ్రిడ్జ్ అనలిటికా

2016 జూలైలో క్రిస్టఫర్ గ్రాహమ్ తరువాత డెన్హామ్ బ్రిటన్ సమాచార కమిషనర్‌గా బాధ్యతలు చేపట్టారు. రాజకీయ ప్రచారంలో వ్యక్తిగత సమాచార వినియోగంపై 2017 మేలో ఆమె విచారణ ప్రారంభించారు. 2018 మార్చిలో కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారాన్ని పత్రికలు వెల్లడించడంతో ఆ విచారణ ప్రపంచ దృష్టికి వచ్చింది. ఒక వ్యక్తిత్వ పరీక్ష యాప్‌ను సుమారు 3 లక్షల మంది వాడగా, వారి స్నేహితుల జాబితాల ద్వారా గరిష్ఠంగా 8 కోట్ల 70 లక్షల మంది సమాచారం సేకరణకు గురయిందని తేలింది. 2009 నివేదిక హెచ్చరించిన దారి ఇదే.

విచారణలో ఆమెకున్న అధికారాల పరిమితి వెంటనే బయటపడింది. సంస్థ కార్యాలయంలో సోదా చేయడానికి కోర్టు వారంటు కావలసి వచ్చింది. కోరినట్లు బహిరంగంగా ప్రకటించిన తరువాత, మార్చి 23 రాత్రికి గాని అది లభించలేదు. ఇన్ని రోజుల వ్యవధిలో ఆధారాలు మాయమవుతాయేమోనన్న ఆందోళన వ్యక్తమయింది. 2018 అక్టోబరులో ఫేస్‌బుక్‌పై 5 లక్షల పౌండ్ల జరిమానా విధించారు. 1998 నాటి చట్టం అనుమతించిన గరిష్ఠ మొత్తం అదే. ఆ సంవత్సరం 5,500 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం పొందిన సంస్థకు అది లెక్కలోనిది కాదు. ఫేస్‌బుక్ అప్పీలు చేసి, 2019 అక్టోబరులో తప్పు ఒప్పుకోకుండానే ఆ మొత్తం చెల్లించడానికి అంగీకరించింది.

ఈ వ్యవహారంలో అంతగా చర్చకు రాని ఉపకథ ఒకటుంది. అమెరికాకు చెందిన ఒక అధ్యాపకుడు తన గురించి ఆ సంస్థ దగ్గరున్న సమాచారమంతా చూపమని కోరారు. సంస్థ పూర్తిగా ఇవ్వలేదు. ఇవ్వవలసిందేనని కమిషనర్ నోటీసు ఇచ్చినా పాటించలేదు. దాంతో అనుబంధ సంస్థపై అభియోగం మోపగా, 2019 జనవరిలో 15,000 పౌండ్ల జరిమానా పడింది. తన గురించి ఏం రాశారో చూడగోరడం గోప్యతా హక్కా, సమాచార హక్కా? రెండింటినీ విడదీయలేమని ఈ చిన్న కేసు చూపుతుంది.

6.2 జరిమానాల లెక్క

2018 మే 25న ఐరోపా సమాచార రక్షణ నిబంధనలు అమలులోకి రావడంతో జరిమానా పరిమితి ప్రపంచవ్యాప్త వార్షిక వ్యాపారంలో 4 శాతం వరకు పెరిగింది. 2019 జూలైలో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు సుమారు 18 కోట్ల 30 లక్షల పౌండ్లు, మారియట్ హోటళ్ల సంస్థకు సుమారు 9 కోట్ల 90 లక్షల పౌండ్లు విధించాలనుకుంటున్నట్లు డెన్హామ్ కార్యాలయం ప్రకటించింది. 2020 అక్టోబరులో తుది నిర్ణయం వెలువడేసరికి అవి వరుసగా 2 కోట్లు, 1 కోటీ 84 లక్షల పౌండ్లకు తగ్గాయి. సంస్థల వాదనలు, మహమ్మారి ఆర్థిక ప్రభావం పరిగణనలోకి తీసుకున్నామని వివరణ వచ్చినా, ప్రకటనకూ ఫలితానికీ మధ్య అంతరం విమర్శలకు తావిచ్చింది.

జరిమానాల కంటే స్థిరమైన ప్రభావం చూపినది పిల్లల కోసం రూపొందించిన నియమావళి. 15 ప్రమాణాలతో కూడిన ఆ నియమావళి 2020 సెప్టెంబరు 2న అమలులోకి వచ్చింది. సంస్థలకు సర్దుకోవడానికి ఒక సంవత్సరం గడువిచ్చారు. పిల్లలు వాడే అవకాశమున్న సేవలన్నిటిలో గోప్యత ఎక్కువగా ఉండే అమరికే ముందుగా ఉండాలని అది నిర్దేశించింది. తప్పు జరిగాక శిక్షించడానికి బదులు, సేకరణ దశలోనే హద్దు గీసే పద్ధతి ఇది.

6.3 ప్రైవేటు మార్గాల్లో ప్రభుత్వం

బ్రిటన్ సమాచార స్వేచ్ఛ చట్టంలోని 77వ విభాగం ప్రకారం, దరఖాస్తుదారునికి అందకుండా చేయాలని దస్త్రాన్ని నాశనం చేయడం నేరం. బ్రిటిష్ కొలంబియాలో లేని రక్షణ ఇక్కడ 2005 నుంచే ఉంది. అయినా ఆ విభాగం కింద తొలి శిక్ష 2020లో గాని పడలేదు. ఒక పట్టణ కౌన్సిల్ సమావేశపు ధ్వనిముద్రణను చెరిపివేసిన ఉద్యోగికి 400 పౌండ్ల జరిమానా విధించారు. చట్టంలో మాట ఉండడం వేరు, అది అమలు కావడం వేరు అని చెప్పడానికి ఈ పదిహేనేళ్ల వ్యవధే చాలు.

ప్రభుత్వ సేవలను ప్రైవేటు గుత్తేదారులకు అప్పగించినప్పుడు వాటి దస్త్రాలు సమాచార చట్టం పరిధి దాటిపోతున్నాయని, ఆ చట్టాన్ని గుత్తేదారులకూ వర్తింపజేయాలని 2019 జనవరిలో పార్లమెంటుకు సమర్పించిన నివేదికలో ఆమె కోరారు. ఆమె పదవీకాలంలో పార్లమెంటు ఆ మేరకు చట్టం చేయలేదు. 2021 జూలైలో, ఆరోగ్య శాఖ మంత్రులు, అధికారులు ప్రభుత్వ పనులకు సొంత ఈమెయిళ్లు, వాట్సాప్ వాడుతున్నారన్న ఆరోపణపై ఆమె విచారణ ప్రారంభించారు. అది ముగిసేనాటికి ఆమె పదవి విడిచారు. 2022 జూలైలో ఆమె తరువాత వచ్చిన జాన్ ఎడ్వర్డ్స్ నివేదిక వెలువరించి, ప్రైవేటు మార్గాల వాడకం విస్తృతంగా ఉందని తేల్చి, శాఖను మందలించారు. వాంకూవర్ దీవిలోని విక్టోరియా నగరంలో 2013లో మొదలైన 'లేని దస్త్రం' అన్వేషణ లండన్‌లో ఇలా కొనసాగింది.

7. విమర్శలు, పరిమితులు

డెన్హామ్ పనితీరుపై విమర్శలు లేకపోలేదు. మహమ్మారి కాలంలో ప్రభుత్వం రోగుల సంపర్కులను గుర్తించే కార్యక్రమాన్ని గోప్యతా ప్రభావ అంచనా లేకుండానే మొదలుపెట్టినా కమిషనర్ గట్టిగా నిలదీయలేదని 2020 ఆగస్టులో వివిధ పార్టీలకు చెందిన 20 మందికి పైగా పార్లమెంటు సభ్యులు లేఖ రాశారు. 2017లో రాయల్ ఫ్రీ ఆసుపత్రి 16 లక్షల మంది రోగుల సమాచారాన్ని డీప్‌మైండ్ సంస్థకు ఇవ్వడం చట్ట విరుద్ధమని తేల్చినా, జరిమానా విధించకుండా హామీతో సరిపెట్టారు. కేంబ్రిడ్జ్ అనలిటికాపై 2020 అక్టోబరులో పార్లమెంటుకు రాసిన తుది లేఖ, ఆ సంస్థ బ్రిటన్ జనాభిప్రాయ సేకరణ ప్రచారంలో తొలి సంప్రదింపులకు మించి పాల్గొనలేదని పేర్కొంది. అంతకు ముందు రేగిన అంచనాలకు అది సరిపోలలేదు.

ఈ విమర్శలను రెండు విధాలుగా అర్థం చేసుకోవచ్చు. ప్రైవేటు సంస్థల విషయంలో చూపిన పట్టుదలను బ్రిటన్ ప్రభుత్వ శాఖల విషయంలో చూపలేదన్నది ఒకటి. ఇది తోసిపుచ్చదగిన వాదన కాదు. కమిషనర్‌ను నియమించేదీ, నిధులు కేటాయించేదీ, చట్టాన్ని సవరించేదీ ప్రభుత్వమే అయినప్పుడు ఆ పదవి స్వతంత్రత ఎప్పుడూ పాక్షికమేనన్నది రెండవది. చివరి లేఖ విషయంలో మాత్రం, ప్రజల అంచనాకు భిన్నమైనా ఆధారాలు చూపినంత వరకే చెప్పడం ఆర్కైవిస్టు నిజాయితీకి నిదర్శనమనాలి.

8. భారతీయ సందర్భం

భారతదేశంలో ఈ రెండు బాధ్యతలూ వేరువేరు వ్యవస్థల చేతిలో ఉన్నాయి. సమాచార హక్కు చట్టం, 2005 కింద సమాచార కమిషన్లు ఏర్పడ్డాయి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 ప్రత్యేక బోర్డును ప్రతిపాదించింది. ఆ చట్టంలోని 44(3) విభాగం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనను మార్చింది. వ్యక్తిగత సమాచారానికి ప్రజా వ్యవహారాలతో సంబంధం లేనప్పుడు, లేదా దాని వెల్లడి అనుచితమైన చొరబాటు అయినప్పుడు మాత్రమే నిరాకరించవచ్చునన్న పాత వాక్యం స్థానంలో, వ్యక్తిగత సమాచారం మొత్తాన్నీ మినహాయించే పొట్టి వాక్యం వచ్చింది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చునన్న 8(2) నిబంధన మిగిలి ఉంది. రెండు హక్కులనూ ఒకే చోట తూచే అధికారి లేనప్పుడు, ఒక హక్కు పేరుతో మరొకటి కుంచించుకుపోయే అవకాశం ఎంతటిదో ఈ సవరణ సూచిస్తుంది.

అయితే భారత చట్టంలో గర్వించదగిన అంశాలూ ఉన్నాయి. ప్రతి ప్రభుత్వ సంస్థ దస్త్రాలను వర్గీకరించి, సూచికలతో నిర్వహించాలని 4(1)(ఎ) విభాగం ఆదేశిస్తుంది. దరఖాస్తులో కోరిన సమాచారాన్ని నాశనం చేస్తే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానాను 20వ విభాగం విధిస్తుంది. బ్రిటిష్ కొలంబియా 2021 వరకు వేచి ఉండవలసి వచ్చిన రక్షణ ఇక్కడ 2005 నుంచే ఉంది. అయినా 'కోరిన సమాచారం కార్యాలయంలో లభ్యం కాలేదు' అన్న జవాబు తెలుగు రాష్ట్రాల దరఖాస్తుదారులకు గాని, పరిశోధకులకు గాని కొత్తది కాదు. 4(1)(ఎ) విభాగంపై దృష్టి పెట్టకుండా నిరాకరణ నిబంధనల మీదనే వాదించడం, పునాది చూడకుండా తలుపు గురించి తగువులాడడం వంటిది.

9. ముగింపు

డెన్హామ్ ప్రస్థానం నుంచి మూడు విషయాలు తేటతెల్లమవుతాయి. మొదటిది, సమాచార ప్రాప్తికీ గోప్యతకూ మధ్య ఉన్నదనుకునే వైరం దస్త్రాల నిర్వహణ స్థాయిలో చాలావరకు కరిగిపోతుంది. అధికారం ఉన్నవారి చర్యలు నమోదు కావాలి, నిలవాలి. అధికారం లేనివారి వివరాలు అవసరానికి మించి పోగుపడకూడదు. రెండవది, చట్టం ఎప్పుడూ వెనుకబడే వస్తుంది. 2009లో హెచ్చరించిన ప్రమాదానికి జరిమానా 2018లో పడింది. 2015లో బయటపడిన లోపానికి దిద్దుబాటు 2021లో వచ్చింది. కమిషనర్ నివేదిక తక్షణ ఫలితం ఇవ్వకపోయినా, తరువాతి వారికి ఆధారంగా నిలుస్తుంది. ఆ అర్థంలో నివేదిక కూడా ఒక దస్త్రమే. మూడవది, చెరిపివేతకు ప్రతిసారీ కుట్ర అవసరం లేదు. పెట్టెకు 454 డాలర్ల రుసుము చేసిన నష్టం, మూడుసార్లు చెరిపిన చేతులు చేసినదానికి తక్కువేమీ కాదు.

కన్నీటి రహదారికి సంబంధించి ఆనాడు చెరిగిపోయిన ఈమెయిళ్లలో ఏముందో రేపటి చరిత్రకారునికి దొరకదు. అవి ఉండేవని, ఎలా పోయాయో మాత్రం 2015 నాటి నివేదికలో నమోదయి ఉంది. లేని దస్త్రానికి సాక్ష్యంగా మరొక దస్త్రాన్ని నిలిపి వెళ్లడం డెన్హామ్ ఉద్యోగ జీవితం మొత్తంలో చరిత్ర విద్యార్థి గుర్తుంచుకోదగిన పని.